డ్రెయిన్ ప్లగ్ నుంచి మ్యానిఫెస్ట్ దాకా: పరిశ్రమల్లో వాడేసిన నూనెల వర్గీకరణ, రీసైక్లింగ్ – సమగ్ర మార్గదర్శి

చీమకుర్తి క్వారీలో పొక్లెయిన్ ఇంజన్ ఆయిల్ మార్చినా, గుండ్లాపల్లి గ్రోత్ సెంటర్‌లో గ్రానైట్ కటింగ్ మిషన్ హైడ్రాలిక్ ట్యాంకు దించినా, నెల్లూరు ఆటోనగర్‌లో లేత్ షాపు కూలెంట్ మార్చినా, సముద్రం వారన ఐస్ ఫ్యాక్టరీలో కంప్రెసర్ ఆయిల్ తీసినా అన్నీ చేరేది మూలనున్న ఒకే డ్రమ్ములోకి. వ్యవహారం చెడేది అక్కడే. విడివిడిగా ఉంటే మళ్లీ బేస్ ఆయిల్ (కొత్త నూనెల తయారీకి మూల నూనె) కాగల సరుకు, కలిసిపోయాక కొలిమిలో మండించడానికీ పనికిరాకుండా పోతుంది. ఎంత మంచి రీసైక్లింగ్ ప్లాంటుకు పంపినా కలిసిన వాటిని తిరిగి విడదీయలేరు. అందుకే ఈ పనిలో ఎక్కువ భాగం డ్రెయిన్ ప్లగ్ దగ్గరే పూర్తి కావాలి.

ముందు చట్టం ఏ గడిలో పెట్టిందో చూసుకోండి

2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలే ఈ రోజుకీ ఆధారం. ఇంజన్, గేర్, హైడ్రాలిక్, టర్బైన్, కంప్రెసర్, థర్మిక్ ఫ్లూయిడ్ (వేడిని మోసే నూనె), ట్రాన్స్‌ఫార్మర్ నూనెలు వాడేశాక ‘యూజ్డ్ ఆయిల్’. రిఫైనరీలు, చమురు నిల్వ కేంద్రాలు, ఓడల నుంచి వచ్చే ఒలికిన ముడిచమురు, ఎమల్షన్లు (విడిపోకుండా కలిసిన నూనె, నీళ్లు), ట్యాంకు అడుగు మడ్డి, స్లాప్ ఆయిల్ (నీళ్లు, మడ్డి కలిసిన చమురు) ‘వేస్ట్ ఆయిల్’. మొదటిది రీసైక్లింగ్‌కు, రెండోది ప్రమాణాలకు లోబడితే ఫర్నేసుల్లో ఇంధనంగా.

కాగితాల మీద రాసే నంబర్లు మొదటి షెడ్యూల్‌వి: వాడిన నూనె 5.1, నూనె అంటిన మడ్డి, అవశేషాలు 5.2, మరకలున్న ఖాళీ డ్రమ్ములు 33.1, గుడ్డపీలికలు 33.2. మీ ఆథరైజేషన్‌లో (కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే అనుమతిలో) 5.1 ఒక్కటే ఉండి, యార్డులో ఫిల్టర్లూ గుడ్డలూ కుప్పపడి ఉంటే తనిఖీలో ఇబ్బంది తప్పదు. ఫారం 1లో దరఖాస్తు పెట్టేటప్పుడే అన్నీ రాయండి. నెల్లూరులోనూ ఒంగోలులోనూ కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయాలున్నాయి.

రీసైక్లింగ్‌కు పనికొచ్చే వాడిన నూనెకు అయిదో షెడ్యూల్ ఎ భాగం పెట్టిన హద్దులివి: సీసం 100 పీపీఎం (పది లక్షల భాగాల్లో వంద), ఆర్సెనిక్ 5, కాడ్మియం క్రోమియం నికెల్ మూడూ కలిపి 500 పీపీఎం, పాలీ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు 6 శాతం, పీసీబీలు (పాత ట్రాన్స్‌ఫార్మర్లలో వాడిన, క్లోరిన్ ఉన్న విష రసాయనాలు) 2 పీపీఎం లోపు. ఇంధనంగా పోయే వేస్ట్ ఆయిల్‌కు బి భాగం: నీరు 1 శాతం, మడ్డి 5 శాతం, మొత్తం హాలోజన్లు (క్లోరిన్ లాంటివి) 4,000 పీపీఎం, గంధకం 4.5 శాతం మించకూడదు.

ఈ అంకెలు ఎంత తేలిగ్గా దాటిపోతాయో ఒక లెక్క చూడండి. 200 లీటర్ల డ్రమ్ములో నూనె బరువు దాదాపు 176 కిలోలు. విడిభాగాలు కడిగిన ట్రైక్లోరోఇథిలీన్ (జిడ్డు వదిలించే డీగ్రీజర్) ఒక్క లీటరు అందులో పోస్తే, ఆ లీటరులోని క్లోరిన్ సుమారు 1.18 కిలోలు. అంటే డ్రమ్ము మొత్తం 6,600 పీపీఎం పైకి పోయింది. ఒక్క లీటరు డీగ్రీజర్‌తో రెండు వందల లీటర్ల సరుకూ చెడింది. నీటి సంగతీ అంతే: 1 శాతమంటే డ్రమ్ముకు రెండే లీటర్లు. బిరడా తెరిచి వదిలేస్తే ఒక రాత్రి వానకు అంతకన్నా ఎక్కువే పడుతుంది.

దించే ముందు: మిషన్ల జాబితా

ఒక రిజిస్టరులో మిషన్ వారీగా నాలుగు విషయాలు రాయండి: ఎన్ని లీటర్లు పడుతుంది, ఏ గ్రేడు, ఎన్ని గంటలకోసారి మారుస్తారు, దించింది ఏ డ్రమ్ములోకి పోవాలి. నాలుగు పొక్లెయిన్లు ఒక్కోటి నెలకు 25 లీటర్ల ఇంజన్ ఆయిల్ వదిలితే ఏడాదికి 1,200 లీటర్లు, బరువులో సుమారు 1,056 కిలోలు. ఇరవై టన్నుల బండి హైడ్రాలిక్ సిస్టమ్ మొత్తం దించితే ఒక్కసారికే డ్రమ్ము నిండుతుంది. ఈ లెక్క ఊరికే కాదు. మామూలుగా 90 రోజులకు మించి నిల్వ ఉంచకూడదు. ఏడాదికి 10 టన్నుల లోపు వచ్చే చిన్న యూనిట్లకు మండలి 180 రోజుల దాకా పొడిగించగలదు. పది టన్నులంటే సుమారు 57 డ్రమ్ములు. మీరు ఆ గీతకు ఎటువైపున్నారో దరఖాస్తు వేసే నాటికే తెలియాలి.

ఏ డ్రమ్ములోకి ఏది

హైడ్రాలిక్, టర్బైన్, గేర్ నూనెలు ఒక డ్రమ్ములోకి. వీటిలో మసి ఉండదు, సంకలనాలు తక్కువ, రీసైక్లర్ ముందుగా అడిగేదీ వీటినే. ఇంజన్ ఆయిల్‌కు వేరే డ్రమ్ము. జనరేటర్, లారీ, బోటు ఇంజన్లవన్నీ అందులోకే. బోటు అడుగున చేరిన బిల్జ్ నీళ్లు మాత్రం అందులోకి కాదు. అది ఉప్పునీరు, డీజిల్, నూనె కలిసిన ఎమల్షన్, దానికి విడిగా ఒక పీపా ఉండాలి.

లేత్, సీఎన్‌సీ షాపుల కూలెంట్ చూడ్డానికి పాలలా ఉంటుంది. తొంభై శాతం పైగా నీళ్లే. దాన్ని నూనె డ్రమ్ములో పోస్తే అందులోని ఎమల్సిఫయర్ మంచి నూనెను కూడా నీళ్లతో కలిపేస్తుంది, ఎన్నాళ్లు నిలవబెట్టినా విడదు. విడిగా తొట్టిలో పటిక వేసి విరగ్గొట్టాలి. ముందు లీటరు చొప్పున నాలుగు సీసాల్లో 1, 2, 3, 4 గ్రాముల పటిక కలిపి, ఏది శుభ్రంగా విడిందో చూసి ఆ మోతాదే తొట్టికి వాడండి. పైకి తేలింది నూనె. కింది నీళ్లు శుద్ధి ప్లాంటుకు పోవాలి, కాలవలోకి కాదు. లోతట్టు నీటి వనరుల్లోకి వదిలే నీటిలో నూనె, గ్రీజు లీటరుకు 10 మిల్లీగ్రాములకు మించకూడదు. ఆ మాత్రం నూనె కంటికి కనబడకపోవచ్చు కూడా.

నూనె డ్రమ్ముల దరిదాపులకు కూడా రాకూడనివి: బ్రేక్ ఫ్లూయిడ్, రేడియేటర్ కూలెంట్, థిన్నర్, పెట్రోలు, విడిభాగాలు కడిగిన కిరోసిన్. కొన్ని థర్మల్ కేంద్రాల టర్బైన్ కంట్రోల్ సిస్టమ్‌లో ఉండే ఫాస్ఫేట్ ఎస్టర్ ద్రవం ఖనిజ నూనె కానే కాదు. నీళ్లకన్నా బరువు, డ్రమ్ములో అడుగుకు దిగుతుంది. దాన్ని తయారీదారు చెప్పిన దారిలోనే పంపాలి. క్యాంటీన్‌లో వేయించగా మిగిలిన వంటనూనె దారి బయోడీజిల్ వైపు. రెంటినీ కలిపితే ఇద్దరు కొనుగోలుదారులూ వద్దంటారు.

ట్రాన్స్‌ఫార్మర్ నూనెకు ఎప్పుడూ సొంత డ్రమ్మే. భయం పీసీబీల గురించి. నేమ్‌ప్లేట్ మీద అస్కరెల్, అరోక్లోర్, పైరనాల్, ఇనర్టీన్ అన్న పేర్లలో ఏదున్నా ముట్టుకోకుండా మండలికి తెలపండి. మామూలు మినరల్ ఆయిల్ ట్రాన్స్‌ఫార్మర్‌లోకి కూడా పీసీబీ చేరగలదు. ఎలాగంటే, అద్దెకు తిరిగే ఫిల్టర్ మిషన్ల గొట్టాల్లో మిగిలిన నూనె ఒక ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఇంకో దానికి పోతుంది. మన దేశంలో పీసీబీల వాడకానికి 2016 ఉత్తర్వు పెట్టిన గడువు 2025 డిసెంబరు 31తో ముగిసింది. అందుకే పాత ట్రాన్స్‌ఫార్మర్ నూనెను ల్యాబ్ రిపోర్టు లేకుండా ఎవరికీ అమ్మకండి.

ఐస్ ఫ్యాక్టరీలు, రొయ్యల ప్లాంట్ల అమ్మోనియా కంప్రెసర్ నూనె

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో దీని గురించి విడిగా చెప్పక తప్పదు, ఎందుకంటే మామూలు మార్గదర్శకాల్లో ఇది కనిపించదు. అమ్మోనియా సిస్టమ్‌లో నూనె కరగకుండా అడుగుకు చేరి ఆయిల్ పాట్‌లో నిలుస్తుంది. దాన్ని దించేటప్పుడు నూనెతో పాటు ద్రవ అమ్మోనియా ఉన్నట్టుండి తోసుకొస్తుంది. ఈ రంగంలో జరిగే ప్రమాదాల్లో చాలావాటికి మూలం ఇదే.

ముందు ఆయిల్ పాట్‌కు వచ్చే ద్రవ లైను వాల్వు మూసి, వెంట్ లైను తెరిచి పాట్‌ను వెచ్చబడనివ్వండి. పాట్ బయట మంచు పూర్తిగా కరిగితేనే లోపల ద్రవ అమ్మోనియా ఆవిరైనట్టు. అప్పుడు వెంట్ మూసి, డ్రెయిన్ వాల్వు కొద్దిగా తెరవాలి. డ్రెయిన్ దగ్గర చెయ్యి తీయగానే దానంతటదే మూసుకునే స్ప్రింగు వాల్వు తప్పనిసరి. తీగ కట్టి దాన్ని తెరిచి ఉంచడం కొన్ని చోట్ల అలవాటు; అలా కట్టడం కంటే ఆ వాల్వు లేకపోవడమే నయం, లేదని తెలిస్తే మనిషి జాగ్రత్తగానైనా ఉంటాడు. అమ్మోనియా మాస్కు, గాగుల్స్, రబ్బరు గ్లవ్స్ వేసుకున్న ఇద్దరుండాలి, పని అయ్యేదాకా ఒక్కరూ కదలకూడదు.

దించిన నూనెలో వాయువు ఇంకా కరిగి ఉంటుంది. గాలి బాగా ఆడే చోట, వాన పడకుండా, మూత బిగించకుండా కనీసం ఒక రోజంతా ఉంచండి. వెంటనే బిరడా బిగిస్తే ఎండకు డ్రమ్ము ఉబ్బుతుంది. ఘాటు పూర్తిగా పోయాకే హైడ్రాలిక్ డ్రమ్ములోకి కాకుండా దాని సొంత డ్రమ్ములోకి పోయండి. ఇత్తడి, రాగి భాగాలున్న చేతిపంపు దీనికి వాడొద్దు, అమ్మోనియా వాటిని తినేస్తుంది.

డ్రమ్ము పక్కనే చేయగల పరీక్షలు

ల్యాబ్‌కు పంపేలోపు తేల్చుకోగలిగేవి కొన్నున్నాయి. మీటరు పొడవున్న సన్నటి పారదర్శక గొట్టాన్ని డ్రమ్ము అడుగుదాకా నెమ్మదిగా దించి, పైకొన బొటనవేలితో మూసి పైకి తీయండి. గొట్టంలో డ్రమ్ము పొరలన్నీ వరసగా కనబడతాయి: పైన నూనె, కింద నీళ్లు, అట్టడుగున మడ్డి. పైపైన గరిటెతో తీసిన నమూనా ఎందుకూ పనికిరాదు. పెట్రోలు బంకుల్లో వాడే నీళ్లు కనిపెట్టే పేస్టును కొలకర్రకు పూసి ముంచినా రంగు మారిన ఎత్తును బట్టి అడుగున ఎంత నీరుందో తెలుస్తుంది.

నూనెలో కలిసిపోయిన నీటికి చిటపటల పరీక్ష. 160 డిగ్రీల దగ్గర వేడెక్కిన రేకు మీద ఒక్క చుక్క వేయండి. చప్పుడు లేకుండా పలచగా పరుచుకుంటే పొడి నూనె. చిన్న బుడగలు లేచి అణిగితే వెయ్యింట ఒక వంతు అటూ ఇటూగా నీరుంది. పోపులా చిటపటలాడితే అంతకన్నా ఎక్కువ. కళ్లద్దాలు ఉండాలి. పెట్రోలు, థిన్నర్ వాసన ఉన్న నూనెకు ఈ పరీక్ష చేయకూడదు.

క్లోరిన్ కోసం రాగి తీగను మంటలో ఎర్రబడేదాకా కాల్చి, చల్లార్చి, నూనెలో ముంచి మళ్లీ మంటలో పెట్టండి, క్లోరిన్ ఉంటే ఆకుపచ్చ జ్వాల వస్తుంది. ఇది అనుమానాన్ని చూపుతుందే గానీ తీర్పు కాదు. ట్రాన్స్‌ఫార్మర్ నూనె మీద మాత్రం ఎప్పుడూ చేయకండి: పీసీబీ కాలితే డయాక్సిన్ల లాంటి విషాలు పుడతాయి. ఆ నూనెకు ల్యాబే గతి.

నిజంగా మార్చాల్సిందేనా?

నల్లబడిందని హైడ్రాలిక్ నూనె దించేస్తుంటారు. చీమకుర్తి వైపు బండ్లలో ఎక్కువసార్లు చెడేది నూనె కాదు, అందులో చేరిన రాతి పొడి. వీజీ 68 (చిక్కదనపు గ్రేడు) నూనె స్నిగ్ధత 40 డిగ్రీల దగ్గర 61.2 నుంచి 74.8 సెంటీస్టోక్స్ మధ్య ఉండి, ఆమ్లత కొత్తదానికి దగ్గరగా ఉంటే, 3 మైక్రాన్ల ఫిల్టర్ ఉన్న ఆఫ్‌లైన్ మిషన్‌తో తిప్పి అదే నూనె వాడుకోవచ్చు. నీరుంటే వాక్యూమ్ డీహైడ్రేటర్ (నూనెలోని నీటిని లాగేసే యంత్రం) వాడాలి. టర్బైన్ నూనెలో ఆమ్ల సంఖ్య కొత్తదాని కంటే 0.3, 0.4 పెరిగితే అది హెచ్చరిక. బ్రీదర్ మూతలు (ట్యాంకులోకి పోయే గాలిని వడగట్టేవి) మార్చకుండా నూనెలు మార్చేవాళ్లు ప్రతి ఏడూ అదే ఖర్చు పెడతారు. ఒక గట్టి బ్రీదర్ ఖరీదు డ్రమ్ము నూనె ముందు లెక్కలోకి రాదు.

నిల్వ: ఈశాన్య రుతుపవనాన్ని లెక్కలో పెట్టుకుని

పైకప్పు, సిమెంటు నేల, చుట్టూ గట్టు: ఈ మూడూ లేని చోట డ్రమ్ము పెట్టొద్దు. కొత్తపట్నం లాంటి తీర ప్రాంతపు ఇసుక నేలల్లో నూనె ఆగదు, పైపైనే ఉన్న బావి నీళ్లలోకి దిగుతుంది. గట్టు లోపలి పరిమాణం అతి పెద్ద డ్రమ్ముకు 110 శాతం, లేదా మొత్తం నిల్వలో నాలుగో వంతు, ఏది ఎక్కువైతే అది ఉంచండి. ఆరు డ్రమ్ములకు 1,200 లీటర్లు, నాలుగో వంతు 300. లోపలి కొలత 2.4 మీటర్లు, 1.6 మీటర్లు, గట్టు ఎత్తు 15 సెంటీమీటర్లయితే 576 లీటర్లు పడుతుంది. డ్రమ్ములు నేల మీదే నిలబెడితే అందులో దాదాపు 240 లీటర్ల చోటు అవే తినేస్తాయి. అయినా సరిపోతుంది. గట్టుకు కన్నం పెడితే వాల్వు ఎప్పుడూ మూసే ఉండాలి.

డ్రమ్మును పూర్తిగా నింపకండి, పైన నాలుగు వేళ్ల ఖాళీ వదలండి. కప్పు లేని చోట కొన్ని రోజులైనా ఉంచాల్సి వస్తే నిలబెట్టకండి. పగటి ఎండకు డ్రమ్ములోని గాలి వ్యాకోచించి బయటికి పోతుంది, సాయంత్రం చల్లబడ్డప్పుడు పై రేకు మీద నిలిచిన వాన నీటిని బిరడా సందుల్లోంచి లోపలికి పీల్చుకుంటుంది. బిగించిన బిరడా కూడా ఇలా నీరు తాగుతుంది. పడుకోబెట్టి, రెండు బిరడాలూ గడియారంలో మూడు, తొమ్మిది అంకెల చోట వచ్చేలా తిప్పితే నూనె లోపలి నుంచి వాటిని మూసే ఉంచుతుంది.

2021 నవంబరులో పెన్నా వరద, 2023 డిసెంబరులో మిచౌంగ్ వానలు చూశాక తుపాను ఏర్పాటు గురించి ఎవరికీ నచ్చజెప్పక్కర్లేదు. కానీ చాలామందికి తట్టని సంగతి ఒకటుంది: నిండు డ్రమ్ము కూడా తేలుతుంది. నూనె 176 కిలోలు, డ్రమ్ము ఇరవై కిలోల లోపు. అది తోసే నీళ్లు రెండు వందల కిలోలకు పైనే. ‘బరువుంది కదా, ఎక్కడికి పోతుంది’ అనుకోకండి. అక్టోబరు లోపే ఒక లోడు పంపేయండి, మిగిలినవి గోడ కొక్కేలకు గొలుసుతో కట్టండి.

లేబుల్ ఫారం 8 ప్రకారం: మెరిసే పసుపు నేల మీద ‘ప్రమాదకర వ్యర్థాలు’, ‘జాగ్రత్తగా నిర్వహించండి’ అన్న అర్థమిచ్చే మాటలు ఎర్ర అక్షరాల్లో తెలుగు, హిందీ, ఇంగ్లీషుల్లో, చెరగని పదార్థంతో. లోపలున్నదేమిటో, మొదటి లీటరు పోసిన తేదీ ఏదో రాయండి. 90 రోజుల లెక్కకు ఆ తేదీయే ఆధారం.

ఫిల్టర్లు, గుడ్డలు, ఊక

ఫిల్టరును వేడిగా ఉన్నప్పుడే విప్పి, గుండ్రటి వైపు కన్నం పొడిచి, జల్లెడ మీద బోర్లించి ఒక రోజు కారనివ్వండి. కారింది ఇంజన్ ఆయిల్ డ్రమ్ములోకి. డబ్బా ఆథరైజేషన్ ఉన్నవాళ్లకే. ఒలికితే చల్లడానికి మన దగ్గర వరి ఊకకు కరువు లేదు, బాగానే పీలుస్తుంది. కానీ నూనె తాగిన ఊక ఇక బాయిలర్ ఇంధనం కాదు, 5.2 వ్యర్థం. గ్రానైట్ పొడి చల్లి ఊడ్చినా అంతే. దాన్ని స్లర్రీ కుప్పలో కలిపితే కుప్ప మొత్తం ఆ లెక్కలోకి వస్తుంది. గుడ్డపీలికలు మూతున్న ఇనుప డబ్బాలో. ఇవన్నీ సిమెంటు కిల్న్‌లో కో-ప్రాసెసింగ్‌కో (ఇంధనంతో పాటు కాల్చడానికో), శుద్ధి–పూడ్చివేత కేంద్రానికో పోవాలి.

ఎవరికి ఇవ్వాలి, ఏ కాగితం తీసుకోవాలి

టాటా ఏస్‌లో వచ్చి లీటరుకింతని చేతిలో డబ్బు పెట్టే మనిషి ఎక్కువే ఇస్తాడు. ఆ నూనె సెంట్రింగ్ రేకులకు పూతగానో, ఇటుక బట్టీలోనో, రంగు తీసి కల్తీ ఇంజన్ ఆయిల్‌గానో తేలుతుంది. కంచె గుంజలకు చెదపట్టకుండా పూయడమూ ఇలాంటిదే, వానకు కడుక్కుపోయి చేను చేరుతుంది. ఆథరైజేషన్ లేనివాళ్లకు ఇచ్చినందుకు బాధ్యత మీదే. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద జరిమానా 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా ఉంది.

రీసైక్లర్‌ని అడగాల్సినవి: మండలి ఇచ్చిన నిర్వహణ అనుమతి, ఫారం 2 ఆథరైజేషన్, అందులో 5.1 ఉందా, గడువు, ఏడాది సామర్థ్యం. 2024 ఏప్రిల్ 1 నుంచి నూనెల తయారీదారులకు విస్తరించిన బాధ్యత (అమ్మిన నూనె వాడేశాక రీసైక్లింగ్ అయ్యేలా చూడడం) నిబంధనలు అమల్లోకి వచ్చాయి, రీసైక్లర్లూ సేకరణ ఏజెంట్లూ కేంద్ర మండలి పోర్టల్‌లో నమోదు కావాలి. ఆ నమోదూ చూడండి. పద్ధతి కూడా అడగండి. సరైన ప్లాంటులో ముందు నీరు తీస్తారు, తర్వాత తేలిక ఇంధన భాగం, ఆపైన వాక్యూమ్‌లో స్వేదనమో పలచటి పొర ఆవిరి యంత్రమో, చివర బంకమట్టితోనో హైడ్రోజన్‌తోనో శుద్ధి. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసి మట్టితో వడగట్టే పాత పద్ధతి అయితే ఆమ్ల తారు మిగులుతుంది, అలాంటి చోటుకి సరుకు పంపకండి.

బండి వచ్చిన రోజు గొట్టంతో ప్రతి డ్రమ్ము నమూనా ఇద్దరి ఎదుట తీసి, అర లీటరు సీసాలో సీలు వేసి మీ దగ్గర ఉంచుకోండి. ప్లాంటుకు చేరాక నీరెక్కువుందని ధర తగ్గించే బేరాలకు అదే జవాబు. తూకం కిలోల్లో వేయించండి. డ్రైవరు చేతికి ఫారం 9 అత్యవసర కార్డు ఇవ్వండి. రవాణా ఎవరు ఏర్పాటు చేస్తే దారిలో బాధ్యత వాళ్లది.

ఫారం 10 మ్యానిఫెస్ట్‌కు (సరుకు ఎవరి నుంచి ఎవరికి పోయిందో చూపే పత్రానికి) ఏడు రంగుల ప్రతులు. తెల్లది మీరు మండలికి పంపాలి. పసుపుది రవాణాదారు సంతకం తీసుకుని మీ ఫైలులో ఉంచాలి. గులాబీది రీసైక్లర్ దగ్గరుంటుంది, నారింజది రవాణాదారుకు, ఆకుపచ్చది రీసైక్లర్ నుంచి మండలికి, నీలం తిరిగి మీకు, బూడిదరంగు పక్క రాష్ట్రానికి పంపినప్పుడు రీసైక్లర్ నుంచి మన మండలికి. చెన్నై వైపు ప్లాంట్లకు పంపే యూనిట్లు ఈ చివరిది వెళ్లిందో లేదో చూడడం మరిచిపోతుంటాయి. నీలం ప్రతి వచ్చేదాకా ఆ లోడు పూర్తయినట్టు రాయొద్దు; పసుపుదాని బరువుకూ నీలందాని బరువుకూ తేడా ఉంటే ఆ వారమే రాతపూర్వకంగా అడగండి. ఫారం 3లో ఏ రోజుకారోజు రాసుకుంటే జూన్ 30 లోపు పంపాల్సిన ఫారం 4 వార్షిక నివేదికకు ఆ అంకెలు కూడితే చాలు.